ముప్పై మీటర్ల మాట

నెవిల్ టిల్యార్డ్ లంగరు జారదు. బ్రూనీ దీవి చుట్టుపక్కల తెరచాప పడవలు నడిపేవాళ్ళు ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, చెప్పేటప్పుడు కాస్త కుళ్ళు కూడా కలుపుతారు. ముప్పై రెండేళ్ళలో ఆయన పడవ 'పెట్రెల్' లంగరు వేసిన చోటు నుంచి ఒక్కసారి కూడా కదల్లేదు. గాలివానలో చుట్టూ ఉన్న పడవలన్నీ చెల్లాచెదురై, జనం తడిసిన బట్టలతో డెక్కుల మీద కేకలు పెట్టుకుంటుంటే, ఆయన లోపల కూర్చుని టీ కాచుకున్న సందర్భాలు రెండో మూడో ఉన్నాయి. చెప్పుకోగా చెప్పుకోగా అవి ఇరవై ముప్పై అయ్యాయి. మనిషికి ఒక్క విషయంలో పేరొస్తే చాలు, మిగతా బతుకంతా ఆ పేరుకి కాపలా కాస్తూ కూర్చుంటాడు. నెవిల్ కూడా ఆ బాపతే.

ప్రతి ఫిబ్రవరిలో పడవల క్లబ్బు ముందున్న పచ్చికలో గొలుసు పరిచి, కొత్తగా చేరినవాళ్ళకి ఆయన పాఠం చెబుతాడు. లంగరు బరువుతో పట్టదు, గొలుసుతో పడుతుంది. గొలుసు నేల మీద పడుకుంటే లంగరు ముక్కు కిందకి గుచ్చుకుంటుంది, గొలుసు నిక్కితే ముక్కు పైకి లేచిపోతుంది. అందుకని నీళ్ళ లోతెంతో దానికి అయిదింతలు వదలాలి. ఇదే ఆయన పాఠం, ఏటా ఇదే. మధ్యలో ఇంజన్లు బాగుచేసే కెల్ మీద ఓ విసురు తప్పకుండా ఉంటుంది. కెల్ తన పడవకి గొలుసు లాగే కరెంటు మోటారు పెట్టించుకున్నాడు మరి.

"చేతుల్లో సత్తా లేనివాళ్ళకి కెల్‌కున్నలాంటి మోటారు కావాలి" అనేవాడు నెవిల్.

"నీ నడుం విరిగిన రోజు నా దగ్గరికే వస్తావురా, అప్పుడు చెబుతా నీ సంగతి" అనేవాడు కెల్. జనం నవ్వేవాళ్ళు. ఇదీ ఏటా ఉండేదే.

పోయిన చలికాలంలో టామ్సిన్ ఆయన షెడ్డుకి వచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, జెట్టీ దగ్గర పైలు, అంటే లోపల చేపో మాంసమో కూరిన రొట్టెలు, కాల్చే దుకాణం నడుపుతుంది. ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన 'వాటిల్' అనే ఇరవై ఆరడుగుల పడవని కొని, నాలుగు నెలలు తనే గీకి, రంగులేసి, నీళ్ళలోకి దించింది. లంగరు ఏది కొనాలో తేల్చుకోలేక వచ్చింది.

"పుస్తకంలో పది కిలోలు చాలని రాశారు, నెవిల్."

"రాసినవాడు వచ్చి నీ పడవలో పడుకుంటాడా అమ్మాయ్? పడుకునేది నువ్వు. ఒక సైజు పెద్దదే కొను."

"పైన వంపు కడ్డీ ఉంటుందే, ఆ కొత్త రకం మంచిదంటున్నారు. మీరేమో ఇంకా నాగలి రకమే వాడుతున్నారు."

"అదీ ముసలిదే, నేనూ ముసలాణ్ణే. ఒకళ్ళకొకళ్ళం అలవాటైపోయాం. కొత్తది తలకిందులుగా పడ్డా తనంతట తనే తిరిగి గుచ్చుకుంటుంది. ఒడ్డులోకి వంగిన ఈ చిన్న అఖాతాలు, మన కోవ్‌లన్నిట్లో పైన గడ్డి, కింద బురద. గడ్డిని చీల్చుకుని దిగాలంటే దానికున్న పదును కావాలి. అదే తీసుకో, కళ్ళు మూసుకుని తీసుకో."

"ఇంకా?"

"ఇంకేముంది, ఎక్కడికి వెళ్ళినా నీకంటే ముందొచ్చినవాళ్ళని అడుగు, ఎంత వదిలారని. వాళ్ళెంత వదిలితే నువ్వూ అంతే వదులు. అప్పుడు గాలి ఎటు తిరిగినా పడవలన్నీ కలిసే తిరుగుతాయి, ఒకదాన్నొకటి ముట్టుకోవు."

"వాళ్ళు అబద్ధం చెబితేనో?" అంది టామ్సిన్ నవ్వుతూ.

"ఈ ఒక్క విషయంలో ఎవడూ చెప్పడు" అన్నాడు నెవిల్. "చేపల గురించి చెబుతారు, పడవ ఎంత జోరుగా పోయిందో చెప్పమంటే ఇంకా చెబుతారు. గొలుసు దగ్గర మాత్రం చెప్పరు."

ఆమె పదహారు కిలోల లంగరు కొంది. గొలుసు మీద పది మీటర్లకో ఎర్రగీత, మధ్యలో అయిదుకో తెల్లగీత, అచ్చం ఆయన వేసినట్టే వేసింది. నెవిల్‌కి ముచ్చటేసింది. చెప్పిన మాట చెప్పినట్టు వినేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరు దొరుకుతారు?

అదే చలికాలంలో ఆయన కుడిభుజం పోయింది. పొయ్యిలోకి కట్టెలు దించుతుంటే లోపల ఏదో పటుక్కుమంది. హోబార్ట్ పట్నంలో డాక్టరు చూసి, నరం చిరిగిందనీ, ఆపరేషన్ చేసినా మునుపటి బలం రాదనీ చెప్పాడు. ఇంటికొచ్చి, "ఏం లేదు, పట్టేసిందంతే" అన్నాడు భార్య గ్లెనిస్‌తో. ఎందుకంటే రెండేళ్ళ కిందట మోకాలు వాచినప్పుడు ఆమె ఒక మాటంది. "నీ ఒంటికి చేతకాని రోజున పడవ అమ్మేద్దాం నెవ్. నిన్ను నీళ్ళలో వెతుక్కునే ఓపిక నాకు లేదు." గ్లెనిస్ ఒకసారి అన్నదంటే అన్నట్టే.

లంగరు తీయడమంటే గొలుసు బరువు ఒక్కటే కాదు. ముప్పై మీటర్లు వదిలితే ఆ ముప్పై మీటర్లూ పడవని చేతులతో ముందుకి ఈడ్చుకుంటూ పోవాలి, ఆ పైన బురదలో పాతుకున్నదాన్ని పెకలించాలి. ఆ వేసవిలో, అంటే దక్షిణార్ధగోళపు డిసెంబరు, జనవరి నెలల్లో, నెవిల్ మెల్లమెల్లగా కక్కుర్తి పడ్డాడు. గాలి లేని పూట, భోజనానికి ఆగి వెళ్ళిపోయే చోట, ముప్పైకి బదులు ఇరవై అయిదు వదిలాడు. ఏమీ కాలేదు. మరోసారి ఇరవై వదిలాడు. అప్పుడూ ఏమీ కాలేదు. నలుగురికీ పాఠం చెప్పే మనిషి, తన పాఠానికి తనే దొంగచాటుగా గండి కొట్టుకుంటూ వచ్చాడు.

జనవరి చివరి ఆదివారం క్లబ్బువాళ్ళంతా కెటిల్ కోవ్‌లో వనభోజనానికి వెళ్ళారు. అందరికంటే ముందు చేరింది 'పెట్రెల్'. ఉత్తరం నుంచి పిల్లగాలి, ఆరు మీటర్ల లోతు. చుక్కాని దగ్గర గ్లెనిస్, ముందు భాగంలో నెవిల్. ముప్పై రెండేళ్ళుగా వాళ్ళిద్దరి చోట్లూ అవే. లంగరు దించాడు. గొలుసు గలగలా దిగింది. ఎర్రగీత పోయింది, దాని తర్వాత తెల్లగీత వచ్చింది. పదిహేను. భుజంలో పొడుస్తున్నట్టు నొప్పి. సాయంత్రం నాలుగు దాటాక దక్షిణం గాలి తిరుగుతుందని రేడియోలో చెప్పారు. మూడింటికల్లా బయల్దేరిపోతాం కదా అనుకుని అక్కడే కట్టేశాడు.

"ఎంత?" అని వెనక నుంచి గ్లెనిస్ అరిచింది, ఇంజన్ ఆపడానికి.

"ముప్పై!"

నోటికి అలవాటైన మాట, అలా వచ్చేసింది. గ్లెనిస్ ఒక్క క్షణం అలాగే చూసి ఇంజన్ ఆపింది.

అరగంట తర్వాత టామ్సిన్ వచ్చింది, ఒక్కతే. 'వాటిల్' పెట్రెల్ పక్కనుంచి నెమ్మదిగా జారుతూ పోతుంటే లేచి నిలబడి అడిగింది. "ఎంత వదిలారు, నెవిల్?"

చెప్పడానికి ఆయనకి కావలసినంత వ్యవధి ఉంది. పదిహేనమ్మా, ఇవాళ కాస్త ఒళ్ళు బాగాలేదు అంటే సరిపోయేది. కానీ గ్లెనిస్ పక్కనే కూర్చుని ఉంది, అవతల కెల్ పడవ వస్తోంది, పైగా అడిగింది తన శిష్యురాలు.

"ముప్పై" అన్నాడు.

మొదటిసారిది అలవాటు. రెండోసారిది అబద్ధమే.

ఆమె ఆయన నేర్పింది నేర్పినట్టు చేసింది. పెట్రెల్ వెనక అంచుకి కాస్త అవతల లంగరు దించింది, గాలి తోసినంత దూరం వెనక్కి పోతూ ముప్పై వదిలింది, ఇంజన్‌తో వెనక్కి లాగి పట్టిందో లేదో చూసుకుంది, ఒడ్డు మీద చెట్టునీ బండనీ గురిపెట్టుకుని పడవ కదలడం లేదని తేల్చుకుంది. చివర్లో ఆయన వైపు తిరిగి బొటనవేలు చూపించింది. నెవిల్ కూడా చూపించాడు. సంతోషం కూడా వేసింది. ఇప్పుడు మిగతా పదిహేను వదులుదామన్నా దారి లేదు. వదిలితే సరిగ్గా ఆమె లంగరు మీదకి వెళ్ళి కూర్చుంటాడు, అదీ ఆమె కళ్ళ ముందే.

గుంజలకి కట్టిన రెండు మేకల్ని తలుచుకుంటే ఈ లెక్క ఎవరికైనా తెలుస్తుంది. తాళ్ళు సమానమైతే రెండూ ఒకే వైపు మేస్తూ పోతాయి, మధ్య దూరం తగ్గదు. ఒకదాని తాడు సగమే అయితే, అటు తిరిగినప్పుడు బాగానే ఉంటుంది, ఇటు తిరిగినప్పుడు పొడుగుతాడుది వచ్చి పొట్టితాడు దాని మీద పడుతుంది. లెక్క నెవిల్‌కి తెలియక కాదు. ఆ కోవ్‌లో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

గాలి నాలుగు దాకా ఆగలేదు. రెండింటికే తిరిగింది. అందరూ ఒడ్డున ఉన్నారు. పెనం మీద ఫ్లాట్‌హెడ్ చేపలు వేగుతున్నాయి, టామ్సిన్ తెచ్చిన స్కాలప్ గుల్లల పైల కోసం జనం ఎగబడుతున్నారు. పొయ్యి పొగ ఉన్నట్టుండి నిటారుగా లేచింది, ఆ వెంటనే వెనక్కి తిరిగి అందరి కళ్ళలో కొట్టింది.

"వచ్చేసిందిరో!" అన్నాడు కెల్.

పడవలన్నీ కలిసి తిరిగాయి. పెట్రెల్ తన పొట్టి గొలుసు చివర టక్కున ఆగింది. వాటిల్ ఆగలేదు. దానికి ముప్పై మీటర్లుంది కాబట్టి వెళ్తూనే ఉంది, తన లంగరు దాటి, పెట్రెల్ లంగరు దాటి, తన వెనక భాగంతో పెట్రెల్ ముక్కు మీదకి వెళ్ళింది. దెబ్బ చప్పుడు ఒడ్డుకి వినిపించింది.

టామ్సిన్ అప్పటికే తెడ్ల పడవలో సగం దూరం పోయింది. నెవిల్ తెడ్డు అందుకోబోయాడు గాని చెయ్యి లేవలేదు. గ్లెనిస్ ఆయన్ని పక్కకి నెట్టి తనే వేసింది. వాళ్ళు చేరేటప్పటికి పెట్రెల్ ముందున్న ఇనుప ముక్కు అలకి లేచి పడుతూ వాటిల్ వెనక భాగాన్ని పొడుస్తోంది. చుక్కాని పగిలి వేలాడుతోంది. నాలుగు నెలలు చేత్తో గీకిన చెక్క మీద ఇనుము పడుతుంటే చూడలేక టామ్సిన్ మధ్యలో చెయ్యి పెట్టింది. చెయ్యి మాత్రం పెట్టకండి అని ఆయన ప్రతి పాఠంలోనూ చెబుతాడు. పాఠం పాఠమే, పడవ పడవే. రెండు వేళ్ళు నలిగిపోయాయి.

రక్తం కారుతున్న చేతిని తువ్వాలులో చుట్టుకుని, పాలిపోయిన మొహంతో ఆమె నెవిల్ వైపు చూసింది. ఆయన నోరు తెరిచాడు. కానీ ముందు ఆమే మాట్లాడింది.

"క్షమించండి నెవిల్. నా లంగరు జారింది."

ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

అంతే జరిగింది. ఆ ఒక్క క్షణం దాటాక మిగతా పనంతా జనమే చేసిపెట్టారు. నెవిల్ లంగరు ఎటూ జారదు. తర్వాత వచ్చినవాళ్ళదే తప్పన్నది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ అమ్మాయి కొత్తది. ఎవరికీ మరో ఆలోచన రాలేదు. ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళాక వాటిల్ లంగరుని తన పడవ మోటారుతో పైకి లాగింది కెల్. లాగి, చెమట తుడుచుకుంటూ నెవిల్‌తో అన్నాడు.

"నా మోటారు కూడా మూలిగిందిరా. జారిన లంగరు అంత గట్టిగా ఎలా పాతుకుందంటావ్?"

"జారి జారి మళ్ళీ పట్టుకుని ఉంటుంది" అన్నాడు నెవిల్.

"అంతేనేమో. నీకు తెలియనిదా" అన్నాడు కెల్. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

తర్వాత మూడు వారాలు నెవిల్ ఇంట్లో తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. క్లబ్బుకి వెళ్తే, పెట్రెల్‌కి పడ్డ గీతల గురించి అందరూ అయ్యో అనేవాళ్ళు. ఇంట్లో గ్లెనిస్ ఆ రోజు ఊసే ఎత్తలేదు. ముప్పై రెండేళ్ళు కాపురం చేసినవాడికి అది ఊరట కలిగించే సంగతి కాదు. ఒకరోజు మాత్రం ఆయన చొక్కా తొడుక్కోవడానికి అవస్థ పడుతుంటే వచ్చి కుడిచెయ్యి ఎక్కించి, గుండీలు పెడుతూ, "ఎంతకాలం మోస్తావో మొయ్యి" అంది. భుజం గురించి అనుకున్నాడు. భుజం గురించే అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

ఒక ఉదయం ఉండబట్టలేక పైల దుకాణానికి వెళ్ళాడు. టామ్సిన్ ఒంటిచేత్తో పిండి ఒత్తుతోంది. ఎడమచేతికి మోచేతిదాకా కట్టు.

"వాటిల్‌ని అమ్మేస్తున్నాను" అంది, ఆయన అడక్కముందే. "బోర్డు కూడా పెట్టేశా."

"చుక్కానే కదమ్మా పోయింది, వేయించుకోవచ్చు. కెల్ చేసిపెడతాడు."

"చుక్కాని గురించి కాదు, నెవిల్. నేను ఒక్కటి కూడా వదల్లేదు. మీరు చెప్పినవన్నీ చేశాను. లాగి చూశాను, చెట్టూ బండా గురి చూసుకున్నాను. అప్పుడు పట్టే ఉంది, నాకు తెలుసు. అయినా జారింది. అన్నీ సరిగ్గా చేసినా జారిందంటే ఇంక నేను దేన్ని నమ్ముకుని నిద్రపోను, చెప్పండి? కొందరి చేతికి ఆ పని రాదంతే."

"అలా అనకు" అన్నాడు నెవిల్.

"ఒక సాయం చేస్తారా? ఆ లంగరు మీరు తీసుకోండి. పడవతో పాటు ఎవడికో పోవడం నాకు ఇష్టం లేదు. శనివారం పాఠం దగ్గరికి తెచ్చిస్తాను. వెయ్యడం తెలిసినవాళ్ళ దగ్గర ఉండాలి అది."

ఆయన తలూపాడు. ఆమె డబ్బు వద్దంటూ వేడి పై ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. జెట్టీ చివర నిలబడి దాన్ని కొరికాడు గాని మింగుడుపడలేదు. ముక్కలు చేసి సముద్రపు పక్షులకి విసిరేశాడు. పేరు పోతుందని, పడవ పోతుందని ఇన్నాళ్ళూ ఆయనకి భయం. ఇప్పుడు ఆయన పేరు నిలబడాలంటే ఆమె పడవ పోవాలి. లెక్క అంత సూటిగా ఉంది. రెండూ నిలిచే దారి ఏదైనా ఉందేమోనని జెట్టీ ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు నడిచాడు. లేదు.

శనివారం పచ్చికలో రెండు వరసలుగా గొలుసులు పరిచారు. కొత్తవాళ్ళు పన్నెండు మంది వచ్చారు. కెల్ బీరు సీసా పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు, గ్లెనిస్ టీ పోస్తోంది. టామ్సిన్ తన లంగరుని చక్రాల బండిలో పెట్టుకుని తోసుకుంటూ వచ్చి కంచె దగ్గర నిలబడింది. నెవిల్ పాఠం మొదలుపెట్టాడు. మోటారు విసురు వచ్చే చోట ఆయన విసరలేదు. కెల్ సమాధానం సిద్ధం చేసుకుని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

రెండు లంగర్లు నేలలో గుచ్చి, ఇద్దరు కొత్తవాళ్ళకి చెరో ముప్పై మీటర్ల గొలుసు కొస ఇచ్చి, గాలి ఉత్తరం, గాలి దక్షిణం అంటూ అటూ ఇటూ నడిపించాడు. వాళ్ళిద్దరూ ఎటు నడిచినా మధ్య దూరం అలాగే ఉంది.

"చూశారుగా, సమానంగా వదిలితే తగలవు."

కళ్ళజోడు పెట్టుకున్న ఒక కుర్రాయన అడిగాడు. "మరి పోయిన నెల ఇక్కడెవరివో రెండు తగిలాయట కదా?"

తలలన్నీ కంచె వైపు తిరిగాయి. కంచె దగ్గర నుంచి టామ్సిన్ చెయ్యెత్తింది, కట్టున్న చెయ్యి. "నాదేనండీ. ఆయన ముప్పై, నేనూ ముప్పై. నా లంగరు జారింది."

"అంటే సమానంగా వదిలినా తగిలాయంటే, ఒకటి జారినట్టే లెక్కన్న మాట" అన్నాడు ఆ కుర్రాయన, కాగితం మీద రాసుకుంటూ.

ఇక నెవిల్ అవునంటే చాలు. పాఠం అయిపోతుంది, అందరూ టీ తాగుతారు. గ్లెనిస్ కెటిల్ పట్టుకుని అలాగే ఆగిపోయి తనవైపే చూస్తోందని ఆయనకి కనిపించింది.

"టామ్సిన్, ఇలా రామ్మా" అన్నాడు. "ఆ లంగరు కూడా తీసుకురా."

ఆమె వచ్చింది. నెవిల్ తన నాగలి లంగరు నేలలో గుచ్చి, గొలుసు కొస పట్టుకుని దక్షిణంగా నడిచాడు. తెల్లగీత, ఎర్రగీత, మళ్ళీ తెల్లగీత. అక్కడ ఆగాడు.

"నీ లంగరు ఆ రోజు వేసిన చోటే వెయ్యి."

"మీ వెనకే కదా" అంటూ ఆమె ఆయనకి కొన్ని అడుగులు వెనక తన లంగరు గుచ్చింది. కెల్ దానికి గొలుసు తగిలించాడు. దాని కొస పట్టుకుని ఆమె ముప్పై మీటర్లు ఇంకా వెనక్కి నడిచి నిలబడింది.

"గాలి తిరిగింది" అన్నాడు నెవిల్. "రా."

ఇద్దరూ ఉత్తరంగా నడిచారు. నెవిల్ తన లంగరు దాటి, పదిహేను మీటర్ల దగ్గర గొలుసు బిగిసి ఆగిపోయాడు. ఆమె నడుస్తూనే ఉంది. తన లంగరు దాటింది, ఆయన లంగరు దాటింది, ఇంకా గొలుసు మిగిలే ఉంది. వచ్చి వచ్చి ఆయన ఎదురుగా, చొక్కా గుండీలు తగిలేంత దగ్గర ఆగింది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పచ్చికలో రెండు లంగర్లూ గుచ్చిన చోటే ఉన్నాయి. ఏదీ అంగుళం కదల్లేదు. తర్వాత ఆయన చేతిలో ఉన్న గొలుసు మీది తెల్లగీత వైపు చూసింది.

"ముప్పై అన్నారు మీరు."

"అన్నాను."

"నేను అడిగితే చెప్పారు."

"అవునమ్మా. పదిహేనే వదిలాను. నీ లంగరు జారలేదు. నువ్వు వేసింది వేసినట్టే ఉంది. తప్పు నాది, మొత్తం నాదే."

బెంచీ మీద కెల్ సీసా కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు?" అంది టామ్సిన్. కోపంగా అడగలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

నెవిల్ కుడిచెయ్యి పైకెత్తాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. పన్నెండు మంది కొత్తవాళ్ళ ముందు, ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్పిన పచ్చికలో, అలా సగం లేచిన చేత్తో నిలబడ్డాడు. "ముప్పై లాగలేను. చెప్పుకోవడానికి సిగ్గేసింది."

"ఒక్క మాటంటే నేను లాగేదాన్ని కదండీ" అంది ఆమె. "పక్కనే ఉన్నాను. రెండు చేతులూ ఉన్నాయప్పుడు."

ఆమె వంగి, తన లంగరు పెకలించింది. నెవిల్ సాయం చెయ్యబోతే మోచేత్తో ఆపి, ఒంటిచేత్తోనే దాన్ని బండిలోకి ఎత్తుకుంది. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి ఎక్కింది. ఎవరూ కదల్లేదు, కదిలితే ఊరుకునేలా లేదు ఆమె మొహం. బండి తోసుకుంటూ పడవలు ఎక్కించిన గట్టు వైపు వెళ్ళింది. వాటిల్ దగ్గర ఆగి, అమ్మకం బోర్డు పీకి, అదే బండిలో పడేసింది.

కారు గ్లెనిస్ నడిపింది. ఇంటి మలుపు దగ్గర అంది. "నాకు తెలుసు నెవ్."

"భుజం సంగతా?"

"గొలుసు సంగతి. ముప్పై రెండేళ్ళుగా వింటున్నా ఆ చప్పుడు. ముప్పై మీటర్లు ఎంతసేపు మోగుతుందో నాకు తెలీదా? సగంలో ఆగింది. నువ్వు ముప్పై అన్నావు, నేను ఇంజన్ ఆపేశా." గేరు మారుస్తూ మళ్ళీ అంది. "ఆ పిల్ల అడిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నువ్వే చెబుతావని మూడు వారాలు చూశాను. దాని చేతికట్టు చూస్తూ పైలు కొనుక్కొచ్చాను. నేనేం తక్కువ తినలేదు."

పడవ అమ్మేద్దామని ఆమె అంటుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఆమె అనలేదు. మర్నాడు కెల్ తనంతట తనే వచ్చి, మోటారు బిగించడానికి పెట్రెల్ ముందుభాగం కొలుచుకుని వెళ్ళాడు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. వేస్తే బాగుండునని నెవిల్‌కి అనిపించింది.

ఈస్టర్ సెలవులకి మళ్ళీ కెటిల్ కోవ్ వెళ్ళారు. ఈసారి చోట్లు మారాయి. మోటారు మీట దగ్గర గ్లెనిస్, చుక్కాని దగ్గర నెవిల్. ముప్పై మీటర్ల గొలుసు ఆగకుండా, చివరిదాకా మోగింది. పొద్దు ఎక్కాక వాటిల్ వచ్చింది. కొత్త చుక్కానికి ఇంకా రంగు వెయ్యలేదు. టామ్సిన్ ఎడమచేతి చిటికెనవేలు వంగి అలాగే ఉండిపోయింది, చుక్కాని కర్ర మీద అది వేరుగా కనిపిస్తోంది.

పెట్రెల్ వెనక భాగానికి అతి దగ్గరగా వచ్చింది. అక్కడ కూర్చున్నది నెవిల్. పద్ధతి ప్రకారం అడిగేది ఎవర్నో ఆయనకి తెలుసు కాబట్టి లేచి నిలబడ్డాడు, చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాడు. ఈసారి అది నిజం. టామ్సిన్ ఆయనకి తలూపింది, మర్యాదగానే. ఊపి, ఆయన్ని దాటి, ముందు భాగంలో నిలబడ్డ గ్లెనిస్ వైపు చూసి గొంతెత్తి అడిగింది.

"ఎంత వదిలారు, గ్లెనిస్?"

"ముప్పై" అంది గ్లెనిస్.

టామ్సిన్ సరేనంది. వెనక్కి వెళ్ళి లంగరు దించి, ముప్పై వదిలింది. నెవిల్ నెమ్మదిగా కూర్చున్నాడు.